ఫాక్స్‌గ్లోవ్ కామత్‌ఘర్‌లో పూస్తుందా?

"అన్నా, ఈ పువ్వు మన దగ్గర వస్తదా?"

మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్న వాళ్లెవరైనా ఫోన్‌లో ఫోటో చూపించి అడిగే ప్రశ్న ఇది. ఫోటోలో నిటారుగా లేచిన కాడ, దాదాపు మనిషి ఎత్తు. దాని పొడవునా ఒక పక్కకు వాలి వేలాడే గంటల్లాంటి పూలు. కింది పూలు బాగా విచ్చుకుని, నడిమివి సగం విచ్చుకుని, కొసన ఉన్నవి ఇంకా ఆకుపచ్చ మొగ్గలుగా ఉంటాయి. ఒక్కో గంట లోపల తెల్లటి అంచు కట్టిన ముదురు ఊదా చుక్కలు. దీని పేరు ఫాక్స్‌గ్లోవ్, శాస్త్రీయ నామం డిజిటాలిస్ పర్పూరియా. పుట్టినిల్లు ఐరోపా.

అడిగే వాళ్లుండేది భివండిలోని కామత్‌ఘర్ అనుకుందాం. సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు భివండి కొత్త ఊరేమీ కాదు. ఇక్కడ వాకిలి ఉండదు, పెరడు ఉండదు. బాల్కనీ జాలీలో నాలుగు కుండీలు, కాస్త అదృష్టముంటే మేడ మీద ఇంకో పది. కరివేపాకు, తులసి, మల్లె పెట్టాక మిగిలే చోటు తక్కువ. ఆ కాస్త చోటులో విదేశీ మొక్కను పెట్టాలంటే ముందుగా దాని స్వభావం తెలుసుకోవాలి. విత్తనాల ప్యాకెట్టు మీద బొమ్మ అందంగానే ఉంటుంది కానీ, దాని స్వభావం గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

రెండేళ్ల లెక్క

మామూలు ఫాక్స్‌గ్లోవ్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు పువ్వు ఊసే ఉండదు. నేలకు అంటుకుని, మెత్తటి నూగుతో, ముడతలు పడ్డ వెడల్పాటి ఆకులు ఒక చక్రంలా పరుచుకుంటాయి. చలికాలమంతా అలాగే కూర్చుంటుంది. రెండో ఏడు ఎండలు మొదలయ్యాక ఆ చక్రం నడుమ నుంచి కాడ లేస్తుంది, పూస్తుంది, లక్షల్లో గింజలు రాలుస్తుంది, ఎండిపోతుంది.

ఆ రెండు దశల మధ్య ఉన్న చలికాలమే అసలు సంగతి. మొక్కకు వారాల తరబడి చలి తగిలితే తప్ప పూయాలన్న ఆదేశం లోపలి నుంచి రాదు. దీన్ని శాస్త్రజ్ఞులు వెర్నలైజేషన్ అంటారు. మనం చలిదీక్ష అందాం. ఫాక్స్‌గ్లోవ్‌కు పది డిగ్రీల కన్నా తక్కువ చలి ఎనిమిది పది వారాలు కావాలి. అదీ ఎనిమిదో పదో ఆకులు వేసిన మొక్కకు తగలాలి. కొందరు గింజల పొట్లాన్ని ఫ్రిజ్‌లో నెల రోజులు పెట్టి, చలి చూపించేశామనుకుంటారు. ఆ శ్రమ వృథా. చలిని గుర్తుపెట్టుకోవాల్సింది పెరుగుతున్న మొక్క, గింజ కాదు.

మొక్క చలిని గుర్తుపెట్టుకోవడం ఏమిటని అనిపించవచ్చు. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క మీద ఈ విషయం బాగా తేలింది. దాని కణాల్లో పూతను అడ్డుకునే జన్యువు ఒకటి ఉంది. చలి వారాలు గడిచేకొద్దీ ఆ జన్యువుకు ఒక్కో రసాయన ముద్ర పడి అది మూగబోతుంది. తర్వాత ఎండ వచ్చినా ఆ ముద్ర చెరగదు, కణం విడిపోయి రెండైతే రెండింటికీ సంక్రమిస్తుంది. కానీ మొక్క వేసిన గింజలో మాత్రం ముద్ర చెరిగిపోతుంది. కొత్త మొక్క మళ్లీ మొదటి నుంచి చలి లెక్కపెట్టుకోవాల్సిందే. ఫాక్స్‌గ్లోవ్‌లో జన్యువులు వేరైనా, చలి కోసం ఆగే ధోరణి అదే.

గింజలో ముద్ర చెరిగిపోతుందన్న ఈ చిన్న విషయం దగ్గరే సోవియట్ రష్యాలో పెద్ద అనర్థం జరిగింది. చలికాలపు ధాన్యాలకు చలి అవసరమని జర్మన్ శాస్త్రజ్ఞుడు గాస్నర్ 1918లోనే చూపించాడు. ఆ పద్ధతినే పట్టుకుని ప్రచారంలోకి వచ్చిన లైసెంకో, చలి చూపించి మార్చిన గుణం తరతరాలకూ దిగుతుందని వాదించాడు. స్టాలిన్ అండ ఉంది కనుక వాదన చెల్లింది. కాదన్న శాస్త్రజ్ఞులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన సరాతోవ్ జైలులో చనిపోయాడు. పూల మొక్కల అధ్యాయంలో ఈ కథ ఎందుకంటారేమో. మొక్కల క్యాలెండరును ప్రభుత్వ ఉత్తర్వుతో మార్చబోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ నాకు ఇంతకన్నా పెద్దది తెలియదు.

చలిదీక్ష పట్టే మొక్కలు మన వంటింట్లోనూ ఉన్నాయి. క్యాబేజీ, ఐరోపా రకం క్యారెట్టు అలాంటివే. మైదానంలో క్యాబేజీ గడ్డ బ్రహ్మాండంగా వస్తుంది కానీ పూత రాదు, గింజ కట్టదు. అందుకే ఆ విత్తనాలను హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూ లోయలో పండిస్తారు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు అక్కడ కట్రాయిన్‌లో ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. క్యాబేజీ విషయంలో పువ్వు రాకపోవడమే మనకు లాభం, ఎందుకంటే మనం తినేది ఆకు. ఫాక్స్‌గ్లోవ్‌ను పెంచేదే పువ్వు కోసం.

కామత్‌ఘర్‌లో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఆగుతుంది. సముద్రం దగ్గర కదా, అంతకన్నా దిగడం అరుదు. కాబట్టి మామూలు ఫాక్స్‌గ్లోవ్‌ను ఇక్కడ నాటితే ఏడాదంతా ఆకులే చూసుకోవాలి. అదీ మే ఎండల్ని, జులై వానల్ని తట్టుకుంటేనే. తట్టుకోదు.

ఏ రకం తెచ్చుకోవాలి?

అందుకే రకాలను ఎంచేటప్పుడు రంగు సంగతి తర్వాత. ముందు చూడాల్సింది, ఆ రకానికి చలిదీక్ష కావాలా అక్కర్లేదా అన్నది.

పాత రకాల్లో ఎక్సెల్సియర్ పేరున్నది. అడవి ఫాక్స్‌గ్లోవ్ పూలు కాడకు ఒకే పక్కన వేలాడితే, ఇందులో కాడ చుట్టూ అడ్డంగా నిలబడి లోపలి చుక్కలు కనిపించేలా పూస్తాయి. అయిదడుగులు దాటుతుంది. ఆల్బా అచ్చం తెలుపు. సటన్స్ ఏప్రికాట్ పండిన జల్దారు పండు రంగు. పామ్స్ చాయిస్ తెల్లగా ఉండి గొంతులో దట్టమైన ఎర్రటి ఊదా మచ్చలతో ఉంటుంది. చూస్తే వదలబుద్ధి కాదు. కానీ ఇవన్నీ చలి కోరేవే. ఊటీలో, కొడైకెనాల్‌లో, డార్జిలింగ్‌లో ఉన్న చుట్టాలకు చెప్పండి, వాళ్లు పెంచుకుంటారు. కామత్‌ఘర్ వాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

రెండో గుంపు మొదటి ఏడే పూసేవి. ఇందులో పాతది ఫాక్సీ. 1967లో అమెరికాలో కొత్త విత్తన రకాలకు ఇచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ బహుమతి దీనికి వచ్చింది. గింజ వేసిన అయిదు నెలలకు పూస్తుంది, ఎత్తు రెండున్నర మూడడుగులు. ఆ తర్వాత సంకర విత్తనాలుగా వచ్చిన డాల్మేషియన్ వరుస ఇంకా పొట్టిది, అడుగున్నర దాకా పెరుగుతుంది. ఊదా, గులాబీ, పీచ్, తెలుపు రంగుల్లో దొరుకుతుంది, ఫాక్సీ కన్నా కొన్ని వారాలు ముందే పూస్తుంది. క్యామెలాట్ వరుస కూడా మొదటి ఏడే పూసేదే కానీ నాలుగడుగుల దాకా పోతుంది. మేడ మీద గాలికి కాడ విరగకుండా కర్ర కట్టాలి. నన్నడిగితే బాల్కనీ కుండీకి డాల్మేషియన్ సరైనది. ధర ఎక్కువే, సంకర విత్తనం కాబట్టి దాని గింజలు దాచి మళ్లీ వేస్తే అదే మొక్క రాదు. అయినా పూసే మొక్కకు డబ్బు పెట్టడం, పూయని మొక్కకు నీళ్లు పోయడం కన్నా మేలు.

మూడో గుంపు ఏళ్ల తరబడి బతికే జాతులు. లేత పసుపు పూల గ్రాండిఫ్లోరా, తుప్పు రంగు పూల ఫెరూజినియా ఇందులోవి. గ్రాండిఫ్లోరాను, మామూలు ఫాక్స్‌గ్లోవ్‌ను కలిపి 1920లలో లండన్ దగ్గర మెర్టన్‌లో జాన్ ఇన్స్ తోటల పరిశోధన సంస్థ వాళ్లు ఒక సంకర జాతిని సాధించారు. పేరు మెర్టొనెన్సిస్, పూలు నలిపిన స్ట్రాబెర్రీ రంగు. మామూలుగా రెండు జాతుల సంకరాలు గొడ్డుపోతాయి. ఇందులో క్రోమోజోములు రెట్టింపు కావడం వల్ల గింజ కడుతుంది, గింజ వేస్తే అదే మొక్క వస్తుంది. జన్యుశాస్త్రం ఇష్టపడే వాళ్లకు ముచ్చటైన మొక్క. మన ఎండకు మాత్రం కాదు.

ఇవేవీ కాకుండా, కెనరీ దీవుల పొద జాతితో మామూలు ఫాక్స్‌గ్లోవ్‌ను కలిపి చేసిన ఇల్యూమినేషన్ పింక్ 2012లో లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో ఆ ఏటి మొక్కగా ఎంపికైంది. దీనికి గింజ కట్టదు కాబట్టి పూత ఆగకుండా నెలల తరబడి సాగుతుంది. గింజ పొట్లాల్లో దీని కోసం వెతికి లాభం లేదు. ఎవరైనా గింజలని అమ్మితే అది మోసమే.

రంగు ముందే తెలుసుకునే కిటుకు ఒకటుంది. రకరకాల రంగులు కలిపిన పొట్లం వేసినప్పుడు, నాలుగైదు ఆకుల నారు దశలో ఆకు తొడిమను, కింది వైపు నడిమి ఈనెను తిప్పి చూడండి. ఊదా జీర ఉంటే పువ్వు ఊదానో ముదురు గులాబీయో అవుతుంది. పచ్చగా ఉంటే తెలుపుకు, లేత రంగులకు అవకాశం. పువ్వులో రంగు పోసే పదార్థమే తొడిమలోనూ కనిపించడం దీనికి కారణం.

దసరా నుంచి హోలీ దాకా

ఉత్తర భారత మైదానాల్లో ఫాక్స్‌గ్లోవ్‌ను చలికాలపు ఒక్క ఏటి పువ్వుగా పెంచుతారు. వానలు తగ్గాక గింజ వేసి, వసంతంలో పూలు చూసి, ఎండలు రాగానే తీసేస్తారు. కామత్‌ఘర్‌లోనూ దారి అదే, కాకపోతే ఇక్కడ గడువు ఇంకా తక్కువ. సెప్టెంబరులో వాన వదలదు. అక్టోబరులో ఎండ మళ్లీ చుర్రుమంటుంది. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం మొక్కకు అనుకూలం. హోలీకి ఎండ ముదురుతుంది. ఈ లెక్కన బతుకమ్మ, దసరా రోజుల్లో నారు పోసుకుంటే శివరాత్రి అటూ ఇటూగా పువ్వు చూడొచ్చు.

గింజ నలక కన్నా సన్నం. అరచేతిలో పోసుకుంటే గీతల్లో దూరిపోతుంది, ఒక్క గ్రాములో వేల గింజలు ఉంటాయి. చిటికెడు సన్నటి ఇసుకతో కలిపి, తడిపిన కోకోపీట్ మీద చల్లి, వేలితో అదిమి వదిలేయాలి. మట్టి కప్పకూడదు. ఈ గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి. మీగడంత మట్టి కప్పినా మొలక శాతం పడిపోతుంది. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి కాబట్టి ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వాలి. మొలక రెండు మూడు వారాలకు కనిపిస్తుంది. అప్పటిదాకా ట్రేను ఇంట్లోనే, కిటికీ పక్కన, చల్లగా ఉండే చోట ఉంచాలి. రేకుల కప్పు కింద పెడితే అక్టోబరు మధ్యాహ్నం వేడికి మొలకలు మాడిపోతాయి.

నారుకు ఇక్కడ పెద్ద శత్రువు తేమ. మొదలు దగ్గర నల్లబడి మొలకలు వరసగా పడిపోయే నారుకుళ్లు, కోకోపీట్ ఎప్పుడూ చిత్తడిగా ఉంటే తప్పకుండా వస్తుంది. పైపొర ఆరాకే నీళ్లివ్వాలి. నాలుగైదు ఆకులయ్యాక ఒక్కో మొక్కను ఎనిమిది పది అంగుళాల కుండీలోకి మార్చండి. మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమంగా కలిపి, అడుగున నీరు నిలవకుండా చూసుకుంటే చాలు. ఆకుల చక్రం నడిమి మొవ్వు మట్టిలో పూడిపోతే కుళ్లుతుంది, పైకే ఉండాలి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు, తర్వాత నీడ. తూర్పు బాల్కనీ దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

సాంచల గల్లీలో ఇంకో ఇబ్బంది ఉంది. కార్ఖానా కిటికీల్లోంచి వచ్చే దారపు నుసి అన్నింటి మీదా వాలుతుంది. తులసి, మల్లె ఆకుల మీద పడ్డది గాలికి ఎగిరిపోతుంది. ఫాక్స్‌గ్లోవ్ ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది కనుక దుమ్ము, నుసి పట్టుకుని వదలవు. వారానికోసారి పొద్దున్నే నీళ్లు చిలకరించి కడిగేయాలి. సాయంత్రం కడిగితే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగులు వస్తుంది. ఫిబ్రవరిలో ఆకు వెనక పేనుబంక, ఎర్రనల్లి కనిపిస్తే వేపనూనె చాలు.

ఇంత చేసినా ఫోటోలోని మనిషెత్తు కాడ రాదు. అడుగు, అడుగున్నర కాడకు పది ఇరవై గంటలు పూస్తే మంచి పంటే అనుకోవాలి.

పూసినప్పుడు ఆ కాడను కాసేపు గమనించండి. కింది పూలు ముందు విచ్చుకుంటాయి. ప్రతి పువ్వూ మొదట పుప్పొడి విడుస్తుంది, ఆ తర్వాతే కీలాగ్రం తెరుచుకుంటుంది. కాబట్టి ఏ రోజు చూసినా కింద ఉన్నవి ఆడ దశలో, పైన ఉన్నవి మగ దశలో ఉంటాయి. ఐరోపాలో వీటి మీద వాలే బొద్దు ఈగ బంబుల్‌బీ ఎప్పుడూ కింద మొదలుపెట్టి పైకి పోతుంది. వేరే మొక్క నుంచి తెచ్చిన పుప్పొడిని కింది పూలలో దులిపి, పై పూలలో కొత్త పుప్పొడి అంటించుకుని ఇంకో మొక్కకు ఎగిరిపోతుంది. బంబుల్‌బీలు మన దేశంలో ప్రధానంగా హిమాలయాల్లోనే ఉంటాయి. కామత్‌ఘర్‌లో ఆ గంటలోకి దూరగలిగేంత బలం ఉన్నది నల్ల తుమ్మెదకే.

పువ్వు నుంచి గోలీ దాకా

ఫాక్స్‌గ్లోవ్ ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. ఐరోపాలో వేరే మూలిక అనుకుని దీని ఆకులతో కషాయం కాచుకుని చనిపోయిన వాళ్లున్నారు. అదే ఆకు నుంచి గుండెకు మందు వచ్చింది.

విలియం వితరింగ్ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగరంలో వైద్యుడు, వృక్షశాస్త్రం తెలిసినవాడు. 1775లో ఆయన దగ్గరికి ఒక ఇంటి వైద్యపు కషాయం గురించి వాకబు వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఒంటికి నీరు పట్టిన రోగులకు దాన్ని ఇచ్చి నయం చేస్తుందట. తర్వాతి కాలంలో ఆ ముసలమ్మకు ఒక పేరు కూడా అంటగట్టారు గానీ ఆ పేరుకు ఆధారం లేదు. కషాయంలో ఇరవైకి పైగా మూలికలున్నాయి. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని వితరింగ్ పట్టుకున్నాడు. పదేళ్లు రోగులకిచ్చి, పనిచేసిన సందర్భాలనూ వికటించిన సందర్భాలనూ రాసుకుని 1785లో పుస్తకం వేశాడు. వికటించినవి దాచకపోవడమే ఆ పుస్తకం గొప్ప. వాంతులో, నాడి మరీ నెమ్మదించడమో కనిపిస్తే మందు ఆపేయాలని అందులోనే ఉంది. 1930లో ఇంగ్లండ్‌లోనే సిడ్నీ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ఉన్ని లాంటి నూగుండే డిజిటాలిస్ లనాటా జాతి ఆకుల నుంచి డిగాక్సిన్‌ను వేరుచేశాడు. ఇప్పటికీ మందుల షాపులో దొరికే గోలీ అదే. మన దేశంలోనూ కశ్మీర్, డార్జిలింగ్, నీలగిరుల్లో మందు కోసం డిజిటాలిస్‌ను సాగు చేశారు. మూడూ చలి ప్రాంతాలే కావడంలో ఆశ్చర్యం లేదు.

డిగాక్సిన్ గుండెలో ఏం చేస్తుంది? వానాకాలంలో కామ్వారీ నది పొంగి కార్ఖానాలోకి నీళ్లొచ్చాయనుకోండి. రెండు గదులు, మోటరు ముందు గదిలో పెట్టారు. మోటరు తోడుతున్నంత సేపూ ముందు గదిలో మట్టం తక్కువ, కాబట్టి వెనక గది నీళ్లు కూడా వాటంతట అవే ముందు గదిలోకి జారి ఖాళీ అవుతుంటాయి. మోటరు మందగిస్తే ముందు గదిలో నీరు పెరుగుతుంది, దాంతో వెనక గదిలో నీరు కదలకుండా నిలిచిపోతుంది. గుండె కండర కణంలో మోటరు ఒక ప్రోటీను. అది సోడియాన్ని బయటికి నెట్టి పొటాషియాన్ని లోపలికి తెస్తుంది. సోడియం ముందు గది నీరు, కాల్షియం వెనక గది నీరు. డిగాక్సిన్ ఆ మోటరును కొంత ఆపుతుంది. సోడియం పేరుకుంటుంది, దాని వెనకే కాల్షియం నిలిచిపోతుంది. కండరం ముడుచుకోవడానికి కావలసింది కాల్షియమే కనుక గుండె కొంచెం గట్టిగా కొట్టుకుంటుంది. అదే మందు గుండె పై గదుల నుంచి కింది గదులకు వెళ్లే సంకేతాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. నాడి అడ్డదిడ్డంగా పరుగెత్తే రోగికి అదీ మేలే.

మోటరు మరీ ఎక్కువగా ఆగితే లయ తప్పి గుండే ఆగుతుంది. మేలుకూ కీడుకూ మధ్య ఎడం చాలా ఇరుకు. గుండె బలహీనపడిన రోగి రక్తంలో డిగాక్సిన్ ఒక మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము లోపు ఉంటే మందు, రెండు దాటితే విషం కింద లెక్క. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఒకే మొక్కలో కూడా ఆకు ఆకుకు, నెల నెలకు మందు పాలు మారుతుంది కాబట్టి ఇంట్లో ఆకు నూరి వాడే వైద్యం ఇందులో కుదరదు. 6,800 మంది రోగుల మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితం 1997లో వచ్చింది. డిగాక్సిన్ ఆయుష్షు పెంచదు, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గిస్తుంది అని తేలింది. అప్పటి నుంచి డాక్టర్లు దాన్ని తగ్గించారు, వదిలేయలేదు.

మన గన్నేరు

ఫాక్స్‌గ్లోవ్ కోసం ఇంత వెతికే వాళ్ల పక్కనే అదే గుణమున్న మొక్కలు మూడున్నాయి. కుటుంబం వేరు, రూపం వేరు, విషం పనిచేసే తీరు ఒకటే.

మొదటిది గన్నేరు. బతుకమ్మలో పేరుస్తాం, దేవుడికి పెడతాం, హైవే డివైడర్ల మీద చూస్తాం. 1945 అణుబాంబు తర్వాత హిరోషిమాలో ముందుగా పూసిన పువ్వుగా పేరు తెచ్చుకుని ఆ నగరానికి అధికారిక పువ్వు అయింది. దీని విషం ఒలియాండ్రిన్. రెండోది పసుపు గంటలు పూసే పచ్చగన్నేరు, అమెరికా ఖండం నుంచి వచ్చి మన గుళ్ల దగ్గర స్థిరపడింది. మూడోది జిల్లేడు. మూడూ అదే సోడియం మోటరును పట్టుకుంటాయి.

పచ్చగన్నేరు కథలో మన వాళ్లకూ ఒక పేజీ ఉంది. 1950ల చివర వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎస్. రంగస్వామి, ఈ. వెంకటరావు ఈ చెట్టు గింజల నుంచి పెరువోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేశారు. గుండె బలహీనపడిన రోగుల మీద దాన్ని పరీక్షించిన భారతీయ వైద్యుల వ్యాసం 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. డిగాక్సిన్‌లా ఊరూరా దొరికే మందుగా అది నిలదొక్కుకోలేదు గానీ, గుడి ముందరి చెట్టును ప్రయోగశాలకు తెచ్చిన పని అది.

విషాల పోలిక విరుగుడులోనూ పనికొచ్చింది. డిగాక్సిన్ మితిమీరిన వాళ్ల కోసం గొర్రెల రక్తం నుంచి తయారుచేసే యాంటీబాడీ మందు ఒకటుంది. పచ్చగన్నేరు విషం ఎక్కువగా ప్రాణాలు తీసే శ్రీలంకలో దాన్ని ప్రయోగించి చూశారు. దెబ్బతిన్న గుండె లయ చక్కబడిందని 2000లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఫాక్స్‌గ్లోవ్ మందుకు చేసిన విరుగుడు పచ్చగన్నేరుకు పనిచేయడానికి కారణం రెండు అణువుల ఆకారాల్లోని పోలికే. మందు ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. అందుకే ఈ మొక్కల్లో ఏది పిల్లలు నోట్లో పెట్టుకున్నారని తెలిసినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు. వాంతులయ్యే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నమిలిన ఆకో కాయో వెంట పట్టుకెళ్లాలి.

ఈ విషాన్ని లెక్కచేయనివి కొన్ని పురుగులు. గన్నేరు ఆకు వెనక చూస్తే తెల్ల పట్టీలు, నాలుగు జతల నల్లటి మెత్తని కొమ్ములున్న గొంగళిపురుగు కనిపిస్తుంది. అది కామన్ క్రో అనే నల్ల సీతాకోకచిలుక పిల్ల. వారం పది రోజులకు ఆ ఆకు కిందే అద్దంలా మెరిసే వెండి ప్యూపా వేలాడుతుంది. పెంకులో పొరల మీద పొరలు పేరుకుని వెలుతురును తిప్పికొట్టడం వల్ల ఆ మెరుపు. జిల్లేడు మీద నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లలు మేస్తాయి. దాని అమెరికా చుట్టం మొనార్క్ మోటరు ప్రోటీనులో మూడు చోట్ల మార్పులు వచ్చి విషం అంటుకోదు. ఆ మూడు మార్పులనూ మామూలు పండ్ల ఈగలో ప్రవేశపెడితే ఈగ కూడా విషాన్ని తట్టుకుందని 2019లో నేచర్ పత్రికలో వచ్చింది.

మేడ మీద పెట్టుకోవాలంటే గన్నేరులో కూడా ఎంపిక ఉంది. ఒంటి రేకలది, ముద్ద పువ్వుది, తెలుపు, గులాబీ, ఎరుపు దొరుకుతాయి. ముద్ద పువ్వు వానకు తడిసి బరువెక్కి కుళ్లుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగని వాన పడే కొంకణంలో ఒంటి రేకలదే నయం. పొట్టి రకాలు పన్నెండు అంగుళాల కుండీలో సర్దుకుంటాయి. గింజతో పని లేదు. వేలి మందం కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తీసి నీళ్ల సీసాలో పెడితే వేళ్లు పోస్తుంది. కోసిన చోట కారే రసం కళ్లకు తగలనివ్వకండి. పూత అయిపోయాక కొమ్మలు కత్తిరించండి, కొత్త చిగుళ్ల కొసనే మళ్లీ పూస్తుంది. కత్తిరించిన కొమ్మల పొగ కూడా మంచిది కాదు, కాబట్టి కాల్చకుండా చెత్తబండిలో వేయండి. మేకలు తిరిగే గల్లీ అయితే సంచిలో మూట కట్టి మరీ వేయండి.